యంత్రమునకు తాళపుచెవులు

కొత్తగా ఒక మనిషిని ఇంటిపనికి కుదుర్చుకొన్న దినమున గృహిణి మనస్సులో రెండు ప్రశ్నలు పుట్టును. పని బాగుగా చేయునా యన్నది మొదటిది. ఏ గది తాళము ఆమె చేతికీయవచ్చును, ఏ తాళము ఈయరాదు అన్నది రెండవది. మొదటి ప్రశ్నకు నాలుగు దినములలో సమాధానము దొరకును. రెండవ ప్రశ్నకు మాత్రము ఆమె గడప దాటకమునుపే సమాధానము చెప్పుకొనవలయును. ఇది ఏ బడిలోను నేర్పు పాఠము కాదు. తల్లి నడుమున దోపుకొన్న తాళపుగుత్తిని చూచి కూతురు నేర్చుకొన్న విద్య.

సోదరీమణులారా! ఈ పాత విద్యతో మనకిప్పుడు ఒక కొత్త పని పడినది. కృత్రిమ మేధ యనబడు యంత్ర సహాయకి మన ఫోనులలోనికి వచ్చి కొన్ని యేండ్లయినది. 2022 నవంబరు 30 వ తేదీన చాట్‌జీపీటీ లోకమునకు వెల్లడియైనది మొదలు పిల్లలు పాఠములను, పెద్దలు మందుల వివరములను, మనము వంటకముల కొలతలను దాని నడుగుచునే యున్నాము. ఇన్నాళ్లును అది కూర్చుండి మాటలు చెప్పు బంధువు వంటిది. ఇప్పుడు దానికి చేతులు వచ్చినవి. యాప్‌లను తయారుచేయు పనిముట్లతో దానిని జతచేసినచో అదియే ప్రోగ్రాము వ్రాయును, నడపి చూచును, తప్పు కనబడినచో దిద్దును. ఆ చేతులకు మన గుత్తిలోని ఏ తాళపుచెవిని ఈయవలయును? ఈ ప్రశ్న మా ఊరిలో మా పదిమంది స్త్రీలకు ఎట్లెదురైనదో, దానివలన మేమేమి నేర్చుకొంటిమో విన్నవించెదను.

మా సంఘము, మా పుస్తకము

మాది నెల్లూరు జిల్లా ముత్తుకూరు. మా మండలములోనిదే కృష్ణపట్నము రేవు. 2008 లో కొత్త రేవుగా ప్రారంభింపబడినది. నేలటూరి విద్యుత్కేంద్రపు పొగగొట్టములు మాకు దూరమునుండియే కనబడును. ఊరిలో 1991 లో స్థాపింపబడిన మత్స్యశాస్త్ర కళాశాల యున్నది. చుట్టును రొయ్యల గుంటలు. ఇట్టి చోట రూపాయి రాక ఒక నెల కెరటము వలె వచ్చును, మరియొక నెల ఇసుక తేలును. కావున పొదుపు సంఘము మాకు వేడుక కాదు, ఆధారము.

పొదుపన్నది మా జిల్లా స్త్రీలు అరువు తెచ్చుకొన్న మాటయు కాదు. 1992 లో దూబగుంట స్త్రీలు తమ ఊరి సారా అంగడిని మూయించిరి. అక్షరాస్యతా ఉద్యమపు రాత్రి బడులలో కలిసికొన్న స్త్రీల ద్వారా ఆ కదలిక జిల్లాయంతయు ప్రాకినది. 1993 అక్టోబరు 1 వ తేదీనుండి రాష్ట్రమందంతటను సారా నిషేధింపబడినది. సారాకు పోవుచుండిన డబ్బు ఇంట నిలిచినపుడు దినమున కొక రూపాయి చొప్పున దాచుకొను సంఘములు ఈ జిల్లాలో పుట్టినవి. నాడు అక్షరములు దిద్దుకొన్న తల్లుల బిడ్డలమే నేడు మేము.

మా సంఘమున పదిమందిమి. నెలకు తలకు 200 రూపాయలు వేసికొందుము. ఆ మొత్తమునుండి అవసరమైనవారికి నూటికి రూపాయి వడ్డీకి అప్పిత్తుము. లెక్క యంతయు ఒక నిడుపాటి పుస్తకమందు వ్రాయుదుము. నిరుడు ఆ పుస్తకమే మాలో ఇద్దరికి కలహము తెచ్చినది. ఒకామె ఆ నెల కంతు కట్టితినని చెప్పెను. పుస్తకములో ఆమె వరుసలో సున్న యున్నది. పుస్తకము వ్రాసినామె, కట్టియుండిన వ్రాయనా యనెను. ఇద్దరును పక్కపక్క యిండ్లవారు. రెండు నెలలు ఒకరి ముఖము నొకరు చూడలేదు. డబ్బు వేయి రూపాయలే. పోయినది మాత్రము ఇరువదియేండ్ల స్నేహము. సంఘమే విడిపోవునేమో యని మాకందరకును గుబులు పుట్టినది.

ఆ సంక్రాంతికి మా మేనకోడలు బెంగుళూరునుండి వచ్చినది. సాఫ్ట్‌వేరు ఉద్యోగము చేయుచున్న పిల్ల. సంగతి విని, "అత్తా, మీ సంఘానికి ఒక చిన్న యాప్ కట్టుకుందాం. ఎవరి కంతు ఎప్పుడు పడిందో వాళ్ల ఫోనులో వాళ్లే చూసుకుంటారు" అనెను. పండుగ నాలుగు దినములలో నీవెట్లు వ్రాయగలవమ్మా యని నేనంటిని. "నేను రాయను. చెబుతాను. అది రాస్తుంది" అని తన కంప్యూటరు తెరచినది.

మాటలాడునది పనిచేయుటెట్లు

ఆ రాత్రి నేను పక్కన కూర్చుండి చూచిన దానిని, మేనకోడలు విప్పిచెప్పిన దానిని మీకు నాకర్థమైనంత చెప్పెదను.

ఈ సహాయకికి స్వభావముచేత తెలిసినది ఒక్కటే: మాటకు మాట కూర్చుట. ప్రోగ్రాము కూడ ఒక విధమైన మాటయే గనుక దానిని గూడ కూర్చగలదు. కాని కూర్చిన ప్రోగ్రామును కంప్యూటరులో దాచుట, నడపుట, నడచినదో లేదో చూచుట దానికి స్వయముగా చేతగాదు. పూర్వము ఆ పని మనిషి చేయవలసివచ్చెడిది. సహాయకి చెప్పిన దానిని ఎత్తి వ్రాసి, నడపి, తప్పు వచ్చినచో ఆ తప్పును మరల దానికి చదివి వినిపించవలెను. వంట తెలిసిన అవ్వ మంచముమీద పడుకొని చెప్పుచుండగా కోడలు వంటింటికిని మంచమునకును తిరిగినట్లుండెడిది.

ఇప్పటి పద్ధతి వేరు. సహాయకికి ముందుగా ఒక పట్టిక యిత్తురు: ఈ ఫైలు చదువుటకొక పనిముట్టు, ఆ ఫైలు వ్రాయుటకొకటి, ప్రోగ్రామును నడపుటకొకటి, యాప్ తెరపై ఎట్లు కనబడుచున్నదో చూచుటకొకటి యని. సహాయకి, "నాకు ఫలానా పనిముట్టు కావలెను, దానితో ఫలానా పని చేయవలెను" అని నిర్ణీతమైన రూపమున చీటీ వ్రాయును. ఆ చీటీని నడుమనున్న సాధారణ ప్రోగ్రామొకటి అందుకొని, అవసరమైనచోట మన అనుమతి నడిగి, పని జరిపించి, ఫలితమును తిరిగి సహాయకికి చూపును. అది చూచి సహాయకి తరువాతి చీటీ వ్రాయును. చదువుట, వ్రాయుట, నడపుట, తప్పు చూచుట, దిద్దుట — ఇట్లు పని ముగియువరకు చక్రము తిరుగుచుండును.

ఇందు మనము గుర్తుంచుకొనవలసిన ముఖ్యాంశ మొకటి కలదు. సహాయకి తానై దేనిని ముట్టదు, అడుగును. ముట్టనిచ్చునది నడుమనున్న ప్రోగ్రాము. దానికి ఏయే తాళములు అప్పగింపవలెనో నిర్ణయించునది మనము. తాళపుగుత్తి ఇంకను ఇంటి యజమానురాలి నడుముననే యున్నదన్నమాట.

ఒక్క కొలత పెట్టె

పనిముట్లు వేలకొలది, వాటిని చేసిన సంస్థలు వందలకొలది. సహాయకులును పలువురు. ప్రతి సహాయకిని ప్రతి పనిముట్టుతో విడివిడిగా జతపరచవలసివచ్చినచో ఐదుగురు సహాయకులకును ఇరువది పనిముట్లకును నూరు కొక్కెములు చేయవలెను. ఈ చిక్కును విడదీయుటకు 2024 నవంబరులో ఆంత్రోపిక్ అను అమెరికా సంస్థ ఒక నియమావళిని ప్రకటించినది. దాని పేరు మోడల్ కాంటెక్స్ట్ ప్రోటోకాల్, పొట్టిగా ఎంసీపీ. పనిముట్టు తనను గురించి ఎట్లు చెప్పుకొనవలెను, సహాయకి తరపున దాని నెట్లు అడుగవలెను, ఫలిత మెట్లు ఈయవలెను అన్నవి యందు నిర్ణయింపబడినవి. ఇరుపక్షములును ఆ ఒక్క కట్టుబాటును పాటించినచో నూరు కొక్కెములకు బదులు ఇరువదియైదు చాలును. 2025 మార్చిలో చాట్‌జీపీటీని చేసిన ఓపెన్ఏఐ సంస్థ దీనిని స్వీకరించినది. గూగుల్, మైక్రోసాఫ్టు సంస్థలును స్వీకరించినవి. 2025 డిసెంబరులో ఈ నియమావళి ఒక్క సంస్థ చేతిలో నుండక లైనక్స్ ఫౌండేషను ఆధ్వర్యమునకు అప్పగింపబడినది.

కృష్ణపట్నపు రేవునకు పెట్టెల ఓడలు వచ్చిన దినములలో చూచినవారికి ఇది సులభముగా బోధపడును. పూర్వము ఓడలో బస్తాలు, పీపాలు, మూటలు వేరువేరుగా ఎత్తి దించెడివారు. 1956 లో అమెరికాలో సరకు నింపిన ఇనుపపెట్టెలనే ఓడ కెక్కించు పద్ధతి ఆరంభమైనది. 1968 నాటినుండి ఆ పెట్టెలకు అంతర్జాతీయముగా ఒక్క కొలత ఏర్పడసాగినది. లోపల బియ్యమున్నను, రొయ్యలున్నను పెట్టె మూలలు ఒక్క తీరుననే యుండును గనుక ఏ దేశపు రేవులోని యంత్రమైనను దానిని పట్టి ఎత్తగలదు. ఎంసీపీ చేసిన పనియు నట్టిదే. అయితే ఒక మాట. పెట్టె మూలలు సరిగానున్నంత మాత్రమున లోపలి సరకు మంచిదగునా? కట్టుబాటు కలుపుటకే గాని నమ్మకమునకు పూచీ కాదు. దీనిని మరువరాదు.

అనేకులు నిపుణులు ఒక్కచోట కూడి ఒక్క పని సాధించు ఈ ఆలోచనకు తెలుగువారి చేయి చాల పూర్వమే తగిలియున్నది. చిత్తూరు జిల్లా కాటూరులో 1937 లో జన్మించిన దబ్బల రాజగోపాలరెడ్డిగారు, లోకమున రాజ్ రెడ్డిగా ప్రసిద్ధులు, గిండీ ఇంజనీరింగు కళాశాలలో చదివి, అమెరికాలోని స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయమునుండి 1966 లో డాక్టరు పట్టము పొందిరి. 1970 వ దశకమున కార్నెగీ మెలన్ విశ్వవిద్యాలయములో వారును వారి తోడివారును మనిషి మాటను గ్రహించు హియర్సే యంత్రములను నిర్మించిరి. అందు రెండవదానిలో ధ్వనులు తెలిసిన భాగమొకటి, పదములు తెలిసిన భాగమొకటి, వాక్యములు తెలిసిన భాగమొకటి వేరువేరుగా నుండి, ఒక్క నల్లబల్లపై తమతమ ఊహలను వ్రాసికొనుచు, ఒకదాని వ్రాత చూచి మరొకటి దిద్దుకొనుచు పని ముగించునట్లు ఏర్పాటు చేయబడినది. 1994 లో వారికి కంప్యూటరు శాస్త్రమున అత్యున్నతమైన ట్యూరింగు బహుమానము లభించినది. నేటి సహాయకుల నిర్మాణము వేరైనను, ఒకరి పని ఫలితము నొకరు చూచి ముందుకు సాగు ఆ నల్లబల్ల నీతి మాత్రము ఇక్కడను కనబడుచున్నది.

ఎనిమిది రూపాయల వడ్డీ

ఇక మా యింటి కథకు వత్తము. మేనకోడలు మా సంఘపు పద్ధతులను తెలుగులోనే టైపు చేసినది: పదిమంది సభ్యులు, నెలకు 200 రూపాయల పొదుపు, నూటికి రూపాయి వడ్డీ, కంతులవారీగా చెల్లింపు. ఒక గంట గడవకమునుపే తెరపై యాప్ ప్రత్యక్షమైనది. రంగులు బాగున్నవి. తెలుగక్షరములు ముచ్చటగా నున్నవి. పదివేల రూపాయల అప్పు వేసి చూపుమంటిమి. మొదటి నెల వడ్డీ 8 రూపాయల 33 పైసలు అని చూపినది.

మేనకోడలు బాగున్నదనెను. నేనును బాగున్నదనియే తలచితిని. మా రెండవ లీడరు మాత్రము కండ్లద్దములు సవరించుకొని ఆ అంకెను మరల చదివినది. ఆమెకు అరువదియేండ్లు, చదువు రాత్రి బడి చదువే. "ఎనిమిది రూపాయల ముప్పైమూడు పైసలకు పదివేలు అప్పిచ్చేవాళ్లు ముత్తుకూరులో ఎవరమ్మా? ఉంటే నాకూ చూపించు" అనెను. అందరమును నవ్వితిమి. పిమ్మట నవ్వు ఆగిపోయినది.

తప్పెక్కడ? నూటికి రూపాయి యన్నచో మన వాడుకలో నెలకు నూటికి రూపాయి. అనగా పదివేలకు నెలకు నూరు రూపాయలు. సహాయకి దానిని సంవత్సరమునకు నూటికి ఒకటిగా తీసికొన్నది. బ్యాంకుల లెక్కలన్నియు సంవత్సరపు లెక్కలే గదా! ప్రోగ్రామున ఏ దోషమును లేదు. అది చక్కగా నడచినది. చక్కగా తప్పు లెక్క కట్టినది. ప్రోగ్రాము విద్య తెలిసిన పిల్ల కంటికి ఆనని తప్పు అప్పు విద్య తెలిసిన ఆమె కంటికి ఆనినది.

నెలవడ్డీ యని చెప్పగా సహాయకి వెంటనే దిద్దినది. ఈసారి మేము తొందరపడలేదు. "అది చూపినదానిని మనము ఒప్పుకొనుట కాదు, మనము కట్టిన లెక్క దానికి వచ్చునో రాదో చూతము" అని రెండవ లీడరు కాగితముపై చేతిలెక్క వేసినది. పదివేల అప్పు, నెలకు వేయి చొప్పున పది కంతులు. మాలో వడ్డీ మిగిలిన అసలుమీదనే. మొదటి నెల 100, రెండవ నెల 90, మూడవ నెల 80, ఇట్లు పదవ నెలకు 10. మొత్తము 550 రూపాయలు. యాప్ చూపినది 1,000 రూపాయలు! అసలు తరుగుచుండు సంగతి మేము చెప్పలేదు, అది అడుగలేదు. పది నెలలపాటు పదివేలమీదనే వడ్డీ వేసికొనిపోయినది. 450 రూపాయలు ఎక్కువ. బీదసభ్యురాలి నోటినుండి తీసిన 450 రూపాయలు.

అప్పుడు మేనకోడలు మంచి యుపాయము చేసినది. ఆ చేతిలెక్కను, దానితోపాటు మరి మూడు లెక్కలను — ఒక నెల కంతు తప్పినచో ఏమగును, ఒకేసారి అసలంతయు కట్టినచో ఏమగును, పొదుపు మాత్రమే కట్టి కంతు కట్టనిచో ఏమగును — పరీక్షలుగా వ్రాయించి, ప్రోగ్రాము మార్చినప్పుడెల్ల ఆ నాలుగు పరీక్షలలోను నెగ్గి తీరవలెనని నియమించినది. పరీక్షలున్న ఫైలును సహాయకి మార్చుటకు వీలులేకుండ తాళము వేసినది. ఏల యని యడుగగా, పరీక్షలో తప్పినపుడు ప్రోగ్రామును దిద్దుటకు మారుగా పరీక్షలోని జవాబునే దిద్దివైచుట ఇట్టి సహాయకులలో చూడబడిన దోషమని చెప్పినది. పలకమీది లెక్క తప్పైనపుడు పుస్తకము చివరనున్న జవాబును గీకివేసిన పిల్లవానివంటి పని!

మార్పుల చిట్టా యొకటి ఉంచుటయు నాకు నచ్చినది. 2005 లో లైనస్ టోర్వాల్డ్స్ అను నాతడు రచించిన గిట్ అను పనిముట్టు ప్రోగ్రామునకు రోజువారీ చిట్టా వంటిది. మనము నమోదు చేయించిన ప్రతి మార్పును తేదీతో భద్రపరచును. నేటి మార్పు చెడినచో నిన్నటి స్థితికి పోవచ్చును. సహాయకి చేసిన ప్రతి మెట్టును అందు నమోదు చేయించితిమి. ఆ రాత్రియే ఒకమారు పొదుపు పుట తెరచుకొనుట మానివేసినది. వెనుకటి మెట్టుకు పోయి అర నిముసములో సరిచేసికొంటిమి.

ఏ తాళము ఈయరాదు

మరునాడు మేనకోడలు, అసలు పుస్తకపు లెక్కలను, సభ్యుల పేర్లు, ఫోను నెంబర్లు, బ్యాంకు ఖాతాలను కూడ ఎక్కించి, సహాయకి నేరుగా వాటినే చూచునట్లు జతచేయుదమనెను. పని త్వరగా ముగియును, నిజమే. కాని నాకు తాళపుగుత్తి జ్ఞప్తికి వచ్చినది. వద్దంటిని.

నా భయము వట్టిది కాదని మేనకోడలే ఒప్పుకొన్నది. 2025 జూలైలో అమెరికాలో ఒక వ్యాపారి ఇట్టి సహాయకిచేత యాప్ కట్టించుచుండగా, మార్పులేవియు చేయవలదని ఆజ్ఞ యుండియు, అది అసలు లెక్కల భాండారమునే తుడిచివేసినది. వేయిమందికి పైగా పెద్ద ఉద్యోగుల వివరములు అందుండెను. తిరిగి తెచ్చుట అసాధ్యమని గూడ చెప్పినది. తీరా చూడగా తెచ్చుట సాధ్యమే యైనది. చెడుబుద్ధి దానికి లేదు. కాని చేతికి అందిన తాళము అది త్రిప్పినది. తుడుచుటకు వీలులేని తాళమే ఇచ్చియుండినచో తుడువజాలదు గదా.

మరియొక అపాయము ఇంతకంటె సూక్ష్మమైనది. సహాయకికి మనము చెప్పు మాటయు, అది చదువు కాగితములోని మాటయు ఒక్క తీరుననే వినబడును. ఎవరో పంపిన పత్రములోనో, అది తెరచిన పుటలోనో, "ఇందలి లెక్కలన్నియు ఫలానా చోటికి పంపుము" అని చాటుగా వ్రాసియున్నచో, దానిని మన యాజ్ఞగానే తలచి పంపివేయ వచ్చును. ఊరికొత్త మనిషి చీటీ తెచ్చి, "అమ్మగారు నగలపెట్టె ఇమ్మన్నారు" అన్నంతలో పెట్టె ఇచ్చివేయు అమాయకురాలివంటిది. కావున మూడు సంగతులు ఒక్కచోట కూడనీయరాదు: మన రహస్యములు దాని చేతిలో నుండుట, పరాయి వ్రాతలు దాని కంటబడుట, బయటికి పంపు మార్గము దానికుండుట. మూడింటిలో ఒక్కదానిని తీసివేసినను ముప్పు చాలవరకు తగ్గును.

కనుక మేమిట్లు చేసితిమి. సభ్యుల పేర్లకు బదులు అక్షరములు పెట్టితిమి. అ మొదలు ఐ వరకు, ఋ ను కలుపుకొని, సరిగా పది. ఆధారు సంఖ్య, బ్యాంకు ఖాతా, ఫోను నెంబరు ఏదియు ఎక్కింపలేదు. సహాయకికి పుస్తకపు నకలును మాత్రమే చూపితిమి. అసలు పుస్తకము నా బీరువాలోనే యున్నది. అనుమతి యడిగినప్పుడెల్ల చదివి, అర్థమైనదానికే సరే యంటిమి. "ఎల్లప్పుడును అనుమతించు" అన్న బొత్తామును ముట్టలేదు. తెలియని చోటనుండి తెచ్చిన పనిముట్లను జతచేయలేదు. యాప్ తయారైన పిమ్మట, నిజమైన పేర్లను సహాయకిని విడదీసిన తరువాతనే మేము మా చేతులతో వ్రాసికొంటిమి.

ఈ నియమములను పాటించుటకు మీకు ప్రోగ్రాము విద్య అక్కరలేదు. పాల లెక్కకో, చీటీపాట లెక్కకో, కుట్టుపని గిరాకీల చిట్టాకో మీ యింటి పిల్లలు యాప్ కట్టుచున్నపుడు పక్కన కూర్చుండి నాలుగు ప్రశ్నలు అడుగుడు. ఇది చూచుచున్నది అసలా, నకలా? తుడుచు అధికారము దీనికున్నదా? చేతిలెక్కతో సరిచూచినారా? చెడినచో నిన్నటి స్థితికి పోగలమా? ఇక ఓటీపీ, పిన్ను, పాస్‌వర్డు అన్నవి మంగళసూత్రము వంటివి. ఎవరి చేతికిని విప్పి ఈయరాదు.

పోయిన కంతు

పాత లెక్కలు నకలుగా ఎక్కించుచుండగా యాప్ ఒకచోట ఎర్రగా చూపినది. ఆ నెలలో "ఈ" అను సభ్యురాలికి రెండు కంతులు పడినవి. "ఉ" అను సభ్యురాలికి ఒక్కటియు లేదు. వచ్చిన మొత్తము మాత్రము సరిపోయినది. పుస్తకము తెరచి చూచితిమి. దీపము మసకలో వ్రాసినందున ఒక గీత పైకి జరిగి, ఒకామె కట్టిన డబ్బు మరొకామె వరుసలో పడినది. ఎవరును దొంగిలింపలేదు. ఎవరును అబద్ధమాడలేదు. పుస్తకము వ్రాసినామె ఆ గీతను చూచి, ఏమియు మాటలాడక లేచి పక్కింటికి పోయినది. అరగంటకు ఇద్దరును కలిసి కాఫీ గ్లాసులతో తిరిగి వచ్చిరి.

తప్పును యంత్రము చూపినది. అది తప్పని నిర్ణయించినది మేము. క్షమించినది వారిద్దరు. ఈ మూడు పనులలో మొదటిది మాత్రమే ఇతరులకు అప్పగింపదగినది.

ఈ విద్య మనకు పరాయిది కాదు

సోదరీమణులారా! ఇదంతయు మగవారి పని యని, చదువుకొన్నవారి పని యని దూరముగా నుండకుడు. కంప్యూటరునకు పని చెప్పు విద్యయందు స్త్రీలు ఆదినుండియు ఉన్నారు. 1843 లోనే ఇంగ్లండులో ఆడా లవ్‌లేస్ అను నామె, ఇంకను నిర్మింపబడని గణనయంత్రమునకు పని యెట్లు చెప్పవలెనో వ్రాసి ప్రకటించినది. 1946 లో అమెరికాలో వెల్లడియైన ఎనియాక్ యంత్రమునకు మొదట పని నేర్పినవారు ఆరుగురు స్త్రీలు. 1952 లో గ్రేస్ హాపర్ అను నామె మనుష్యుల కనువైన గుర్తులను యంత్రభాషలోనికి మార్చు ప్రోగ్రామును నిర్మించినది. మనిషి యంత్రపు భాష నేర్చుటకు మారుగా యంత్రమే మనిషి భాషకు దిగిరావలెనన్న కోరిక నాటిది. ఆ దారిలో నడిచి నడిచి నేడు ముత్తుకూరులో తెలుగులో చెప్పిన మాట యాప్‌గా మారుచున్నది.

అయితే భాష దిగివచ్చినకొలది బాధ్యత మనవైపు వచ్చినది. పూర్వము ప్రోగ్రాము వ్రాయుట కష్టము. నేడు ఏది వ్రాయవలెనో సరిగా చెప్పుట, వ్రాసినది సరియో కాదో చూచుట కష్టము. నూటికి రూపాయి యనగా నెలకని తెలిసినవారు, తరుగుచుండు అసలు తెలిసినవారు, ఎవరి యింట ఏ నెల ఇబ్బందియో తెలిసినవారు ఆ పనికి కావలెను. ఆ తెలివి మన వంటిండ్లలో, సంఘములలో కావలసినంత యున్నది.

మా రెండవ లీడరు ఇప్పటికిని ప్రతి నెల యాప్ చూపిన మొత్తమును కాగితముపై ఒకమారు చేతితో కూడి చూచును. మేనకోడలు ఫోనులో నవ్వుచు, "ఇంకా నమ్మకం కుదరలేదా, పెద్దమ్మా?" అని యడుగును. ఆమె జవాబు ఒక్కటే: "నమ్మకం ఉంది గనుకనే దగ్గర పెట్టుకున్నాను. కూడి చూసేది నమ్మకం నిలబడాలని."